బుల్లెట్ ఇంజన్‌కు సైడ్‌కార్ రేసింగ్ ఛాసిస్: డిజైన్ సులువే, పైపు కొనుడే నరకం

మొన్న ఆదివారం ఛాసిస్ మూడు చక్రాల మీద నిలబడింది. సంతోషం ఉంది, కోపం కూడా ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ఇది సరదాగా ఊరు తిరిగే సైడ్‌కార్ కాదు. 1950లలో, 60లలో యూరప్ రేసుల్లో పరుగెత్తిన రకం. నడిపేవాడు సీటు మీద కూర్చోడు, మోకాళ్ల మీద వంగి ఉంటాడు. పక్కన చదును పలక మీద ఇంకొకడు, మలుపును బట్టి అటూ ఇటూ పాకుతూ తన బరువుతో బండిని కాపాడుతుంటాడు. దీన్ని రోడ్డెక్కించాలనే ఆశ ఉన్నవాళ్లు ఇక్కడే ఆగండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చొద్దనే చెప్పింది. నేను మాత్రం పత్తి సీజన్ లేనప్పుడు మా దోస్తు జిన్నింగ్ మిల్లు సిమెంట్ యార్డులో తిప్పుకుంటా, అంతే.

డిజైన్ పెద్ద కష్టం కాలేదు. ఇంజన్ పాత బుల్లెట్ 500ది. పక్క చక్రం ఎడమవైపు. మలుపులో ఈ బండి వంగదు కాబట్టి గుండ్రటి బైక్ టైర్లు పనికిరావు, చదునుగా ఉండే కారు టైర్లు కావాలి, మారుతి 800వి 12 అంగుళాల చక్రాలు వేశా. ముందు ఫోర్కు మామూలుది పెడితే హ్యాండిల్ తిప్పలేక భుజాలు పోతాయి, ఎందుకంటే బైకుల ట్రయల్ (హ్యాండిల్ తిరిగే గీత నేలను తాకే చోటుకూ, టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం) 90, 100 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, సైడ్‌కార్‌కు అందులో సగం కూడా అక్కర్లేదు. అందుకే లీడింగ్ లింక్ ఫోర్కు, అంటే ముందుకు చాచిన చిన్న కమ్మీల చివర చక్రం ఇరుసును పట్టేది, సొంతంగా చేసుకున్నా. పక్క చక్రం ఇరుసు వెనక చక్రం ఇరుసు కంటే కాస్త ముందుకు ఉండాలి, ఆ చక్రం కొద్దిగా లోపలికి చూడాలి. ఇవన్నీ ఎప్పటి నుంచో తెలిసిన లెక్కలే.

ఇక పైపు. నాకు కావాల్సింది 38 మిల్లీమీటర్ల సీమ్‌లెస్ పైపు, అంటే అతుకు లేనిది, రెండున్నర మిల్లీమీటర్ల మందం. నగరంలో ఒక పెద్ద దుకాణానికి పోయా. గల్లా మీద కూర్చున్నాయన "గేటుకా, రేకుల షెడ్డుకా?" అన్నాడు. బండి ఛాసిస్‌కు అంటే "కంపెనోడు ఇచ్చింది సాలలేదా సారూ?" అని దుకాణంలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా నవ్వాడు. సరే, నవ్వుకోనీ అనుకున్నా. సీమ్‌లెసే అని నోటితో మూడు మాటలు ఖాయం చేసి, మామూలు పైపుకు రెట్టింపు పైన తీసుకున్నాడు.

ఆటోనగర్‌లో ఇసుక నింపి వంచుతుంటే మొదటి వంపులోనే బయటి వైపు సన్నగా గీత విచ్చుకుంది. వంచేటాయన "నా తప్పేం లేదన్నా, పైపే గట్లుంది" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు, గింత ఖరీదు పైపు ఎందుకు పగులుతుంది? అప్పుడు పిలిచింది కాకను. సింగరేణి వర్క్‌షాపులో వెల్డర్‌గా రిటైరై గోదావరిఖనిలో ఉంటాడు, బిడ్డ ఇంటికని హన్మకొండ వచ్చి ఉన్నాడు. పైపు లోపల వేలు పెట్టి చూశాడు, నున్నగానే ఉంది. ఒక ముక్క కోయించి, అంచు ఆకురాయితో సాపు చేసి, ఎమరీ పేపర్ పట్టి, కంసాలి దగ్గర తెచ్చిన నైట్రిక్ యాసిడ్ నీళ్లలో కలిపి పూశాడు. కొద్దిసేపట్లో ఉంగరం లాంటి ఆ అంచు మీద ఒకచోట వేరే రంగు గీత తేలింది.

"అతుకు పైపు బిడ్డా. లోపలి బొడిపె గీకిండ్రు. అతుకు పైపు చెడ్డదేం కాదు, అతుకు పక్కకు వచ్చేటట్టు పెట్టి వంచితే సాగదు, ముడవదు. గీడ బయటి దిక్కు వచ్చింది. అతుకుందని జెప్పి అమ్మితే ఎవడొద్దన్నడు?"

ముక్క పట్టుకుని దుకాణానికి పోయా. ఆయన దాని వైపు చూడనుకూడా లేదు. "బిల్లు మీద సీమ్‌లెస్ అని ఎక్కడుంది?" అన్నాడు. బిల్లు మీద 'ఎం.ఎస్. పైప్', అంటే మామూలు ఉక్కు పైపు అనే ఉంది. పక్కనున్న గుమస్తా "ఇంజనీరు సారుకు బిల్లు సదువరాదా" అన్నాడు. మా ఊరివాళ్లు ఇద్దరు అక్కడే నిలబడి ఉన్నారు. చెవులు కాలిపోయాయి, ఒక్క మాట రాలేదు, ఇంటికొచ్చి అన్నం కూడా తినబుద్ధి కాలేదు.

ఆ రాత్రి జీఎస్టీ పనులు చూసే మా బావ బిల్లు ఫోటో చూసి, పన్ను కోసం సరుకు ఏ రకమో చెప్పే హెచ్.ఎస్.ఎన్. కోడ్ చదవమన్నాడు. 7306. సీమ్‌లెస్ ఉక్కు గొట్టాలకు 7304, అతికినవాటికి 7306! అంటే సర్కారుకు రాసిన కాగితంలో నిజం రాశాడు, నాకు నోటితో అబద్ధం చెప్పాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాక దుకాణం నుంచి మనిషి వచ్చాడు, కోయని పైపులు వాపసు తీసుకుంటామని. కోసినవాటి డబ్బు పోయినట్టే. మన దగ్గర బేరం ఆడితే పరువు తక్కువ, బిల్లు చదివితే అనుమానపు మనిషి అంటారు. అననీయండి.

తర్వాత సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నా. ఐ.ఎస్. 3074 (బండ్లకు వాడే ఉక్కు పైపుల భారత ప్రమాణం), కోల్డ్ డ్రాన్ (వేడి చేయకుండా లాగి చేసిన) సీమ్‌లెస్ అని అడిగా, మిల్లు సర్టిఫికెట్ మీది హీట్ నంబర్ (ఏ కరిగింపు ఉక్కో చెప్పేది), పైపు మీది నంబర్ ఒకటేనా అని చూసుకున్నాకే డబ్బులిచ్చా. మీరూ అదే చేయండి, ఎంత నవ్వినా సరే.

వెల్డింగ్ అంతా కాక చేతి పనే. సి-ఛానల్‌తో జిగ్, అంటే పైపులను కదలకుండా పట్టే చట్రం కట్టి, నీళ్ల ట్యూబుతో మట్టం చూసి, ముందు అన్ని జాయింట్లకూ చుక్క వెల్డింగే పెట్టి, ఆ తర్వాత ఇటో కుట్టు, ఎదురుగా అటో కుట్టు వేస్తూ పోయాడు. జిగ్ విప్పాక ఛాసిస్ మెలి తిరగలేదు. ఇంత మంచి చేతులు గోదావరిఖనిలో ఉండగా బయటి నుంచి మనుషులెందుకు చెప్పండి? హెల్ముట్ ఫాత్ అనే జర్మన్ సొంతంగా తయారు చేసుకున్న యు.ఆర్.ఎస్. ఇంజన్‌తో 1968లో సైడ్‌కార్ రేసుల ప్రపంచ టైటిల్ కొట్టాడు, అంతకుముందు 1954 నుంచి 1967 దాకా ఏటా బీఎండబ్ల్యూలదే. మేం ఫాత్‌లం కాదు గానీ పైపులైతే ఆయన పైపుల కంటే తక్కువ తినలేదు.

యార్డులో తిప్పితే గ్యాస్ ఇచ్చినప్పుడు ఎడమకు, బ్రేకు వేస్తే కుడికి లాగుతోంది, పక్క చక్రం ఉన్న బండి స్వభావమే అంత. లోపలి చూపు కొంచెం పెంచాక ఎడమ గుంజుడు తగ్గింది. ఎడమ మలుపులో పక్క చక్రం లేచినప్పుడు మా బామ్మర్ది బయటికి వాలాలి, కుడి మలుపులో నా వెనక చక్రం మీదికి రావాలి. మొదట్లో ఉల్టా చేశాడు, వాళ్లక్కకు చెప్పొద్దన్నాడు. పక్క చక్రానికి బ్రేకు ఇంకా పెట్టలేదు, అది అయ్యేదాకా మూడో గేరు వేయం. కొలతలు కావాలన్నవాళ్లకు పంపుతా, ట్రయల్ మాత్రం మీ టైరు సైజుకు మళ్లీ లెక్క వేసుకోండి.