ఎస్సై ఫోన్ చేసి "మీవాడు ఏం చెప్పిండు" అంటే

మొన్న సాయంత్రం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే ఫోన్. ఏదో స్టేషన్ ఎస్సై, మర్యాదగానే మాట్లాడాడు. "వకీల్ సాబ్, మీవాడు ఎక్కడున్నడో మీకు తెల్వకుంటే ఎవరికి తెలుస్తది? ఓసారి స్టేషన్‌కు రండి, మీకేం చెప్పిండో మాట్లాడుకుందాం." పొలం గట్టు పంచాయితీలో జరిగిన కొట్లాట కేసు, అంతకు మించి ఏం లేదు. రానని చెప్పి పెట్టేశాను గానీ, చాయ్ చల్లారేదాకా గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నా. ఇన్నేళ్ల ప్రాక్టీసులోనూ ఆ టెన్షన్ పోలేదు మరి.

ఎస్సై అడిగిన ఆ "మీవాడు" నా క్లయింటు, దేవరకొండ వైపు మనిషి. మొదటిరోజు ఆఫీసుకు వచ్చినప్పుడు కూర్చోమన్నా కూర్చోలేదు. తలుపు వైపు రెండుసార్లు చూసి, తువ్వాలలో చుట్టి తెచ్చిన పట్టాదారు పాస్‌బుక్ నా టేబుల్ మీద పెట్టి, "సారూ, అసలు ముచ్చట నా ఇంటిదానికి గూడ చెప్పలే, మీకే చెప్తున్న" అన్నాడు. ఆ ముచ్చట రేపు స్టేషన్‌కు చేరుతుందని తెలిస్తే నోరు విప్పేవాడా? ఆయన విప్పకపోతే నేను జడ్జి ముందు ఏం చెప్పాలి?

క్లయింటు ఒప్పుకుంటే తప్ప ఆయన చెప్పింది మేము బయటపెట్టకూడదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో అది 126వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 132. నేరం చేయడానికి సలహా అడిగితే ఆ రక్షణ ఉండదు, ఉండొద్దు కూడా. 2025లో ఈడీ ఇద్దరు సుప్రీంకోర్టు సీనియర్ లాయర్లకే సమన్లు పంపి, గొడవయ్యాక వెనక్కి తీసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 31న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: 132లో ఉన్న మినహాయింపు వర్తిస్తే తప్ప కేసు వివరాల కోసం లాయరును పిలవడానికి లేదు, అప్పుడైనా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అంత పెద్ద లాయర్లకే అంత కష్టమైతే మాలాంటివాళ్లకు ఫోన్ రావడం వింతేం కాదు.

అదే ఏడాది ఫిబ్రవరిలో అడ్వొకేట్ల చట్టం సవరణ ముసాయిదా వచ్చింది గుర్తుందా? లాయర్లను నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలోకి కేంద్రం ముగ్గురిని నామినేట్ చేయొచ్చట, కౌన్సిల్‌కు ఆదేశాలూ ఇవ్వొచ్చట. మేం కేసులేసేది సర్కారు మీద, మా సనదు (లాయరుగా పనిచేసే లైసెన్సు) తేల్చే చోట కూర్చునేది సర్కారు మనిషి! చాలాచోట్ల లాయర్లు విధులు బహిష్కరిస్తే పది రోజులు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు. మంచిదే. (మా బహిష్కరణ వల్ల ఆ వారం వాయిదాకు బస్సెక్కి వచ్చి ఊరికే వెనక్కి పోయినవాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. లాయర్లకు సమ్మె హక్కు లేదని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది.)

సర్కారును, పోలీసులను తిట్టడం తేలికే. కొన్నేళ్ల కింద ఓ ఘోరమైన కేసులో "ముద్దాయి తరఫున ఎవరూ వకాలత్ వేయొద్దు" అని ఒక బార్ (లాయర్ల సంఘం) తీర్మానం చేసింది, అందరితో పాటు నేనూ చెయ్యెత్తాను. అలాంటి తీర్మానాలు చెల్లవని 2010లోనే తీర్పుంది, నాకు తెలుసు, అయినా ఎత్తాను. పక్కవాళ్లంతా చూస్తున్నారు కదా మరి. ఫలానావాడి కేసు పట్టొద్దని చెప్పే హక్కు ఎస్సైకి లేనప్పుడు మా బార్‌కు మాత్రం ఎక్కడిది? మిర్యాలగూడ పరువు హత్య కేసులో కూడా ముద్దాయిల తరఫున లాయర్లు నిలబడ్డారు, వాదించారు, 2025 మార్చిలో నల్లగొండ కోర్టు శిక్షలు వేసింది. వాళ్లు వాదించినందుకు ఆ తీర్పుకు బలం పెరిగిందే గానీ తగ్గలేదు.

ముందస్తు బెయిల్ పిటిషన్ వేశాం, మంగళవారం వాయిదా. ఎస్సై మళ్లీ ఫోన్ చేయలేదు. పాస్‌బుక్ ఇంకా నా బీరువాలోనే ఉంది, తువ్వాలతో సహా.