బొబ్బిలి వీణ కొంటున్నారా? ముందు మేళం చూడండి

బొబ్బిలి వీణ అనగానే అందరి కళ్లూ యాళి ముఖం (వీణ చివర చెక్కే సింహం లాంటి ముఖం) మీదకే పోతాయి. నగిషీ ఎంత బాగుంటే వీణ అంత గొప్పదనుకుంటారు. గాజు బీరువాలో పెట్టుకునే బహుమతి వీణకైతే సరే. వాయించే వీణకు ప్రాణం మేళంలో, అంటే స్వరాలు పలికించే మెట్లను అమర్చిన తీరులో ఉంటుంది.

బొబ్బిలి పక్కనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరతరాలుగా ఈ పని చేస్తున్నాయి. కుండ (నాదం పలికే గుండ్రటి భాగం), దండి (మెట్లుండే పొడవాటి భాగం) ఒకే పనస దుంగలో తొలిస్తే అది ఏకాండి వీణ. కుండ మీది పలక మాత్రం విడిగా బిగిస్తారు. కుండకూ దండికీ మధ్య అతుకు లేదు కాబట్టి ఊడే భయమూ లేదు. అయితే దుంగ బాగా ఆరి ఉండాలి. పచ్చి చెక్కతో చేస్తే తర్వాత బీట వారుతుంది, దండి వంగుతుంది. దండి వంగితే మేళం ఎంత బాగా కట్టినా నిలవదు.

దండి మీద తేనెమైనం, గుగ్గిలం, బొగ్గుపొడి కలిపిన నల్లటి ముద్దను రెండు గట్లుగా పరిచి, దానిలో 24 మెట్లు (తీగను నొక్కే లోహపు కడ్డీలు) నాటడమే మేళం కట్టడం. స్థాయికి (స నుంచి పై స వరకు) 12 చొప్పున రెండు స్థాయిలు. మెట్లను కొలబద్దతో పెట్టరు. తీగ మీటి, స్వరం వింటూ ఒక్కో మెట్టునూ వెంట్రుకవాసి జరుపుతారు. అందుకే మీరు ఏ శ్రుతిలో వాయిస్తారో, ఏ మందం తీగలు వాడతారో ముందే చెప్పాలి. మేళం కట్టాక తీగ మందం మారిస్తే స్వరస్థానాలు తప్పుతాయి.

కొనేటప్పుడు సారణిని (ప్రధాన తీగను) షడ్జానికి (స), పంచమం తీగను మంద్ర పంచమానికి (కింది స్థాయి ప) శ్రుతి చేయించండి. సారణిని 12వ మెట్టు మీద నొక్కితే పై షడ్జం పలకాలి. పంచమం తీగను 5వ మెట్టు మీద నొక్కితే ఏ మెట్టు మీదా నొక్కని వట్టి సారణితో కలిసిపోవాలి. తర్వాత ప్రతి మెట్టు దగ్గరా తీగను పక్కకు లాగి చూడండి. జర్రుమంటే దాని తర్వాతి మెట్టు ఎత్తు ఎక్కువైనట్టు, లేదా గుర్రం (కుండ మీద తీగలను మోసే వంతెన) మీది లోహపు పలక సరిగా కూర్చోనట్టు. ఈ పరీక్షకు మంచి చెవి కావాలి. మీకు ఇంకా అంత పట్టు లేకపోతే వైణికులెవరినైనా (వీణ వాయించేవాళ్లను) వెంట తీసుకెళ్లండి. బొబ్బిలి ఉన్న విజయనగరం జిల్లాలో అలాంటివాళ్లకు కరువు లేదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన సంగీత కళాశాల విజయనగరంలోనే ఉంది.

వీణకు మన ఎండలే పెద్ద శత్రువు. మైనం మెత్తబడితే మెట్టు కుంగుతుంది, పక్కకు జరుగుతుంది. కిటికీ పక్కన, మూసిన కారులో వీణ ఉంచకండి. వానాకాలంలో బిరడలు (తీగలు బిగించే మరలు) బిగుసుకుంటాయి, పొడి గాలికి జారతాయి. జారే బిరడకు కాస్త సుద్దపొడి రాస్తే పట్టు దొరుకుతుంది, నూనె మాత్రం వద్దు. రోజూ సాధన చేసేవాళ్ల వీణలో తీగ రాపిడికి మెట్ల మీద గాళ్లు పడతాయి. గమకం లాగినప్పుడు తీగ ఆ గాడిలో తట్టుకుంటుంది. అప్పుడు మెట్లను అరగదీయించి, మేళం మళ్లీ కట్టించాలి. ఆ పనికి మీరు వాడే తీగలనే పట్టుకెళ్లండి. ప్రయాణంలో దండి కింద ఉండే సొరకాయ బుర్ర విప్పి విడిగా పెట్టండి, తీగలు కొంచెం వదులు చేయండి.