మిల్లోడి అరువు పుస్తకం

ముందే చెప్పేస్తున్నా, ఈ వ్యాసంలో మనిషి పేరు ఉండదు. పేరు వేస్తే మన బడి పూర్వ విద్యార్థుల సంచిక వెనకట్టకి యాడ్ ఇవ్వనని ఖచ్చితంగా చెప్పాడు. 1978 బ్యాచ్ వాళ్ళకి పేరుతో పనిలేదు, 'మిల్లోడు' (రైస్ మిల్లు వాళ్ళబ్బాయి) అంటే చాలు. తర్వాతి బ్యాచ్‌ల పిల్లలకి మాత్రం చెప్పాలి. మన నియోజకవర్గానికి ఒకప్పుడు అయిదేళ్ళు ఎమ్మెల్యేగా చేసినాయన మన బళ్ళో, మూడో బెంచీలో, నా పక్కన కూర్చున్నవాడే.

వరండా చివర, మంచినీళ్ళ కుండల పక్కన కోఆపరేటివ్ స్టోరు ఉండేది. స్టోరంటే ఒక చెక్క బీరువా, దానికో తాళం, లోపల నోటుపుస్తకాలు, పాళీలు, సిరా బిళ్ళలు. పదో తరగతిలో లెక్కల మాస్టారు ఆ తాళంచెవి మిల్లోడికిచ్చారు. వాడికి లెక్కల్లో ఫస్టు మార్కులేం రావు. "వాళ్ళ నాన్న కొట్లో కూర్చుంటాడుగా, డబ్బులు ముట్టుకోవడం తెలుసు" అనేవారు మాస్టారు. సాయంత్రం బెల్లు కొట్టాక వాడు బీరువా ముందు గొంతుక్కూర్చుని పది పైసల బిళ్ళలు ఒక దొంతర, పావలాలు ఒక దొంతర పేర్చేవాడు. పక్కనే ఓ రఫ్ నోటుపుస్తకం. ఎవరు అరువు పెట్టారో అందులో ఉండేది.

ఒకసారి రూపాయి పావలా తక్కువొచ్చింది. ఆ రూపాయి పావలా నాదే. నోటుపుస్తకాలు తీసుకుని "రేపిస్తా" అంటూ మూడు వారాలు తిప్పాను. వాడు క్లాసులో ఒక్కరి ముందు కూడా అడగలేదు. ఆదివారం పొద్దున్నే సైకిలేసుకుని మా ఇంటికొచ్చాడు. మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాడు. గేదె ఈనిందా పిన్నీ అని అడిగాడు. అరగంట కూర్చుని, సైకిలెక్కుతూ, "ఎల్లుండి మాస్టారు లెక్క చూస్తారంటరా" అన్నాడు. అంతే. సోమవారం పొద్దున డబ్బులు కట్టేశాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత వాడు ఓట్లకోసం గడపగడపకీ తిరుగుతుంటే వెనకాల నడిచాను. అదే పద్ధతి. ముందు గేదె సంగతి, ఓటు సంగతి చెప్పులేసుకునేటప్పుడు.

మేం పదిలో ఉండగానే, 1977 నవంబరు 19న, దివిసీమని ముంచేసిన ఉప్పెన వచ్చింది. మా వైపు ప్రాణాలు దక్కాయి గానీ కోతకొచ్చిన చేలన్నీ నీళ్ళలో పడుకున్నాయి. తడిసిన ధాన్యం రంగు మారి, మొలకలొచ్చి, ముట్టుకునే నాథుడు లేడు. అప్పుడు మిల్లోడి నాన్న కొన్నాడు. నానబెట్టి, ఆవిరి పట్టించి, ఎండబోసి ఉప్పుడు బియ్యం ఆడించాడు. మామూలు ధరలో సగమే ఇచ్చాడు. ఆ సగమన్నా ఇచ్చి మా పిల్లల కడుపులు నింపాడని కొందరన్నారు. సందట్లో సడేమియా అని కొందరన్నారు. రెండు మాటలూ మా ఊళ్ళో ఇప్పటికీ బతికే ఉన్నాయి.

ఇంటర్ తెనాలిలో చదివాం. బీకాం రెండో ఏడులో వాళ్ళ నాన్నకి గుండెపోటు వచ్చింది. వాడు పుస్తకాలు సర్దుకుని వచ్చి మిల్లులో కూర్చున్నాడు. నేను డిగ్రీ పూర్తిచేసి అకౌంట్లు రాసే పని మొదలుపెట్టాను. నాతో లెక్కలు రాయించుకున్న మొదటి పార్టీ వాడి మిల్లే.

వ్యాపారస్తుడు రాజకీయాల్లోకి ఎందుకొచ్చాడని వాడిని చాలామంది అడగడం విన్నాను. అడిగేవాళ్ళకి రైస్ మిల్లు సంగతి తెలియదు. ఆ రోజుల్లో ఆడించిన బియ్యంలో నూటికి 75 వంతులు లెవీ కింద, అంటే సర్కారు కట్టిన ధరకి, ఎఫ్‌సీఐకి (కేంద్రం వాళ్ళ ఆహార సంస్థ) పోయాల్సిందే. మిగిలిన 25 బయట అమ్ముకోవాలన్నా ముందు లెవీ ఇచ్చినట్టు కాగితం ఉండాలి. గోడౌన్ దగ్గర బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి శాంపిల్ తీస్తారు. నూకలు ఎక్కువన్నా, తేమ ఎక్కువన్నా లారీ వెనక్కే. లారీ రెండు రోజులు గేటు బయట నిలబడితే వెయిటింగ్ చార్జీ మనదే. ఇంకా కరెంటాఫీసు, సివిల్ సప్లైస్, తూనికలు కొలతలు, సేల్స్ టాక్స్. ఏ ఆఫీసులో ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగుతుందో, ఏ గుమస్తాకి ఏ టైంలో కోపం తక్కువగా ఉంటుందో మిల్లరుకి తెలిసినంతగా ఏ ఎమ్మెల్యేకీ తెలియదు. తన ఫైలు కోసం తిరుగుతూ పక్కవాడిది కూడా కదిలించేవాడు మిల్లోడు. అలా మిల్లర్ల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. వ్యవసాయ మార్కెట్ కమిటీలో వ్యాపారుల తరఫున సభ్యుడిగా వేశారు. మార్కెట్ ఫీజు నూటికి రూపాయి ఎటు పోతుందో అక్కడ కూర్చున్నాక గానీ తెలియలేదురా అనేవాడు. యార్డులో రైతులకి షెడ్డు లేదు, మరుగుదొడ్డి లేదు. వాటికోసం రాసిన అర్జీల నకళ్ళు నా దగ్గర ఒక ఫైలుడున్నాయి.

1999లో టికెట్ వస్తుందని ఎవరో ఆశ పెట్టారు. రాలేదు. పౌరుషానికి పోయి ఇండిపెండెంటుగా వేశాడు. వద్దన్నాను. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. వాడికి అందులో సగం కూడా రాలేదు. అప్పుడు డిపాజిట్ 5 వేలు. ఫలితాలొచ్చిన మర్నాడు మిల్లుకెళ్తే వాడు ఖాతా పుస్తకం తెరిచి 'రాని బాకీలు' పేజీలో ఆ 5 వేలూ రాస్తున్నాడు. "ఎవరి పేరు మీద రాస్తున్నావురా?" అంటే, "నా పేరు మీదే" అన్నాడు. నవ్వాను. వాడు నవ్వలేదు.

తర్వాత దారిలో పడ్డాడు. పార్టీలో చేరాడు (ఏ పార్టీయో ఇక్కడ అనవసరం, ఈ సంచిక అన్ని పార్టీల ఇళ్ళకీ వెళ్తుంది). 2001లో జడ్పీటీసీగా గెలిచి గుంటూరు జిల్లా పరిషత్‌లో కూర్చున్నాడు. 2009 నాటికి నియోజకవర్గాల హద్దులు మారాయి. వాడికి పట్టున్న మండలం ఇటు కలిసింది, పాత ఎమ్మెల్యే సొంత ఊరు అటు పోయింది. వాడి గెలుపులో ఈ గీత మార్పు వాటా ఎంతో వాడే ఒప్పుకుంటాడు. మంచితనం వల్లే గెలిచాడని రాస్తే వాడే నవ్వుతాడు.

నామినేషన్ ముందు రెండు రాత్రులు మా ఆఫీసులోనే గడిపాం. ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే కాంట్రాక్టు నడుస్తుంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 9-ఏ ప్రకారం పోటీకి అర్హత ఉండదు. వాడికి అప్పట్లో హాస్టళ్ళకి కందిపప్పు సరఫరా ఉండేది. దాన్ని రద్దు చేయించుకుని ఆ కాగితం చేతికొచ్చేదాకా నాకు ఒకటే టెన్షన్. మిల్లు వ్యవహారం తమ్ముడికి అప్పజెప్పాడు. ఆ తర్వాత అఫిడవిట్. ఆస్తులు, అప్పులు, కేసులు అయ్యాక చదువు దగ్గర ఆగాం. పక్కనున్నవాళ్ళు బీకాం అని వేసేయమన్నారు, ఎవరు చూస్తారని. వాడు పెన్ను తీసుకుని ఇంటర్ తెనాలి అని, దాని కింద మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పేరు, 1978 అని రాశాడు. ఎవరూ చూడని ఆ గడిలో మన బడి పేరు ఉంది. నాకు ఆ రాత్రి గర్వంగా అనిపించింది, వాడికి ఆవులింతలొస్తున్నాయి.

ప్రచారంలో అవతలి వాళ్ళ మైకు జీపు 1977 తడిసిన ధాన్యం కథ ఎత్తుకుంది. రైతు నోరుకొట్టిన కుటుంబం అన్నారు. ఆ ఏడాది పుస్తకం మిల్లు అటక మీద ఉంది, దించి జనానికి చూపించమన్నాను. దించాడు, ఒక్కడే కూర్చుని చూశాడు, మళ్ళీ పైన పెట్టేశాడు. "నాన్న నష్టపోయాడని చెప్పలేనురా. పుస్తకంలో లాభం ఉంది" అన్నాడు. ఎన్నికల మనిషిగా అది తెలివితక్కువ పనే. చూపించకపోయినా, తడిసిన ధాన్యం కొనే పని అప్పుడు ఇంకెవరూ చేయలేదన్న మాటన్నా గట్టిగా చెప్పాల్సింది. నోరు మూసుకున్నాడు. అయినా గెలిచాడు.

అసెంబ్లీలో వాడు పెద్ద వక్తేం కాదు. ఆ సభలో రోశయ్యగారు ఆర్థిక మంత్రి. మన వేమూరులో పుట్టి, గుంటూరు హిందూ కాలేజీలో కామర్స్ చదివి, 1968లో మొదటిసారి శాసనమండలికి వెళ్ళి, మొత్తం 16 సార్లు బడ్జెట్ పెట్టిన మనిషి. ఆయన లేస్తే మావాడు పెన్ను మూత తీసేవాడట, అంకెలు రాసుకోవడానికి. వాడు వేసిన ప్రశ్నల్లో ఒకటి మన మురుగు కాలువ పూడికతీత గురించి. ఆ ప్రశ్న జాబితాలోకి రావడానికి నెలలు పట్టింది. వచ్చిన రోజున గొడవలో సభ వాయిదా పడింది. జవాబు సభ ముందు ఉంచినట్టు భావించారు. ఆ జవాబు కాగితంలో రెండు వాక్యాలున్నాయి, రెండూ 'పరిశీలనలో ఉంది' అనే.

వాడి అసలు పని ఇంటి అరుగు మీద జరిగేది. పొద్దున ఆరింటికే జనం. సీఎం రిలీఫ్ ఫండ్‌కి లెటరు, పింఛను, రేషన్ కార్డు, అల్లుడి బదిలీ. వాడి చేతిలో పొడుగాటి పుస్తకం, మిల్లులో వాడేదే. పేరు, ఊరు, పని, తేదీ. పని అయితే ఎర్ర సిరాతో టిక్కు. ఒక్క తేడా మాత్రం వాడిని తినేసింది. కొట్లో అరువిస్తే ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తుంది, రాకపోతే మళ్ళీ ఇవ్వం. ఇక్కడ తొంభై తొమ్మిది పనులు చేసి నూరోది కాదంటే ఆ మనిషి పోయిన నెలే ఎర్ర టిక్కు పడ్డవాడని ఎవరికీ గుర్తుండదు. "ఇది ఏ పుస్తకంలోనూ నిలవని ఖాతారా" అనేవాడు రాత్రిళ్ళు ఫోన్‌లో.

2013 చివరినుంచి రాష్ట్ర విభజన తప్ప ఇంకో మాట లేదు. 2014 జనవరి 30న సభ మూజువాణి ఓటుతో విభజన బిల్లును తిప్పిపంపినప్పుడు వాడు లోపలే ఉన్నాడు. మేలో ఎన్నికలు. ఈసారి ఖర్చు లెక్క పూర్తిగా నాదే. పరిమితి 28 లక్షలు, దానికి వేరే బ్యాంకు ఖాతా. రిజిస్టరులో మూడు భాగాలు. రోజువారీ లెక్కకి తెల్ల కాగితాలు, నగదుకి గులాబీ, బ్యాంకుకి పసుపు. అప్పట్లో 20 వేలు దాటితే చెక్కే. టీకి ఎంత వేయాలో, కుర్చీ అద్దె ఎంత వేయాలో కలెక్టరాఫీసు వాళ్ళ రేట్ల పట్టీ ఉంటుంది. ఎన్నికల సంఘం పరిశీలకుడి మనుషులు మనకి తెలియకుండా ఇంకో పుస్తకం రాస్తుంటారు, మధ్యలో రెండూ పోల్చి చూస్తారు. ఆ పట్టీ ప్రకారం మేం ఎన్ని టీలు పోశామో చదివితే ఏ ఓటరూ నమ్మడు. ఇంతకంటే ఇక్కడ రాయను.

మే 16న ఓడిపోయాడు. పదిహేనో రౌండు కాగానే లేచి బయటికొచ్చి కారు నన్నే నడపమన్నాడు. ఇంటికి కాదు, మిల్లుకి. మరుసటేడు లెవీ కూడా ఎత్తేశారు. ఇప్పుడంతా సివిల్ సప్లైస్ వాళ్ళ ధాన్యం ఆడించి ఇవ్వడమే, క్వింటాలుకి 67 కిలోల పచ్చి బియ్యం లెక్కన. తమ్ముడి కొడుకు చూసుకుంటున్నాడు. వీడు పొద్దున వచ్చి కాటా పక్కన కుర్చీలో కూర్చుంటాడు. ఆ పొడుగు పుస్తకాలు ఇనప్పెట్టెలో ఉన్నాయి. టిక్కు పడనివాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తారు. ఫోన్ చేసి ఎవరినో 'అన్నా' అని బతిమాలుతుంటాడు, ఒకప్పుడు వాడిని 'సార్' అన్నవాళ్ళనే.

పోయిన వారం యాడ్ మ్యాటర్ కోసం వెళ్ళాను. ఈ వ్యాసం చదివి వినిపించాను. రూపాయి పావలా దగ్గర మాత్రం ఆపి, "రూపాయిన్నర అనుకుంటా, చూసి రాయి" అన్నాడు. యాడ్‌లో పేరెలాగూ వద్దన్నావు, కనీసం మాజీ శాసనసభ్యులు అని వేయమంటావా అని అడిగాను.

"మిల్లు ఫోన్ నంబరు వెయ్యి. తవుడు రేటు అడగడానికన్నా చేస్తారు."