జ్వరం వచ్చేదాకా ఆగమన్నారు

2022 అక్టోబరులో, నాకు 18వ వారం నడుస్తుండగా ఉమ్మనీరు పోయింది. మేముండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ శివార్లలో. హాస్పిటల్‌లో స్కాన్ చేసిన డాక్టరమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సంచి చిరిగిందని, నీరు దాదాపు లేదని, ఈ దశలో నీరు లేకుండా ఊపిరితిత్తులు ఎదగవు కాబట్టి బిడ్డ మీద ఆశ పెట్టుకోలేమని చెప్పింది. గుండె మాత్రం ఇంకా కొట్టుకుంటోందని ఆఖర్న చెప్పింది. ఆ తర్వాత జరిగినదంతా ఆ మాట మీదే నడిచింది.

ఇలాంటప్పుడు గర్భాశయంలో ఇన్ఫెక్షన్ మొదలయ్యే ప్రమాదం ఎక్కువ. అందుకే గర్భం తీసేయించుకోవడమా, జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండడమా, రెండూ తల్లికి చెప్పి ఆమెనే ఎంచుకోమనాలన్నది అమెరికాలో ప్రసూతి వైద్యుల పద్ధతి. మా ముందు మాత్రం రెండోదే పెట్టారు. ఆ ఏడాది జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు, దేశమంతటా గర్భస్రావ హక్కు ఇచ్చిన 1973 నాటి రో తీర్పును కొట్టేసి, గర్భస్రావం సంగతి రాష్ట్రాలకు వదిలేసింది. టెక్సాస్ పూర్తి నిషేధం ఆగస్టు 25 నుంచి అమల్లోకి వచ్చింది. తల్లి ప్రాణానికి ముప్పు ఉంటేనో, శరీరంలో ఏదైనా ముఖ్యమైన పనితీరు బాగా దెబ్బతినే పరిస్థితి ఉంటేనో మినహాయింపు. ఎంత ముదిరితే ముప్పు అనాలో చట్టంలో లేదు. పొరపాటు జరిగితే డాక్టరుకు యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, పైగా లైసెన్సు పోతుంది. "జ్వరం 100.4 దాటితే వెంటనే వచ్చెయ్యండి" అని చెప్పి మమ్మల్ని ఇంటికి పంపించారు.

మా ఆయన ఆ రాత్రి మ్యాపు ముందేసుకుని కూర్చున్నాడు. గర్భస్రావానికి అనుమతి ఉన్న రాష్ట్రాల్లో, కాన్సస్‌లోని విచిటా సుమారు 360 మైళ్లు. దారంతా ఓక్లహోమా మీదుగానే, అక్కడా నిషేధమే. దారిలో నొప్పులొచ్చినా, రక్తం పోయినా మళ్లీ అదే చట్టం కింద ఉన్న హాస్పిటల్‌కే వెళ్లాలి. న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీకి పది గంటల ప్రయాణం. నీరు కారుతూ కార్లో అంతసేపు కూర్చోవడం నావల్ల కాదన్నాను.

గుంటూరు నుంచి అమ్మ ఫోన్లో ఒకటే మాట: "ఏ ఊరి డాక్టరైనా ముందు తల్లిని చూడాలి కదే." ఆవిడకు చట్టాలు తెలియవు. కానీ 1971లో వచ్చి 2021లో సవరించిన మన చట్టం ప్రకారం, 20 వారాల లోపు తల్లి ఆరోగ్యానికి తీవ్రమైన హాని ఉంటుందని ఒక్క డాక్టరు నిర్ధారిస్తే చాలు. శ్రీకాకుళంలోనైనా ఆదిలాబాద్‌లోనైనా అదే రూలు.

చివరికి జ్వరం రానే వచ్చింది. ముందు చలి. రెండు బొంతలు కప్పినా పళ్లు టకటకలాడాయి. థర్మామీటర్ 103 చూపించింది. హాస్పిటల్‌కు చేరేసరికి బీపీ పడిపోతోంది, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. ఇప్పుడు చెయ్యొచ్చు అన్నారు. నొప్పులు రప్పించారు. ఆడపిల్ల. నాకు చూసుకున్నట్టు కొంచెం గుర్తుంది, ఆ తర్వాత ఐసీయూ. బీపీ నిలబెట్టే మందులు, మూడు రకాల యాంటీబయాటిక్స్, లోపల మిగిలిన మాయ కోసం ఇంకో ఆపరేషన్. నర్సులు నన్ను కంటికి రెప్పలా చూసుకున్నారు. ఆ డాక్టరమ్మ రోజూ వచ్చి నా మంచం పక్కన నిలబడేది. ఆవిడ మీద నాకు ఈరోజుకీ కోపం లేదు.

ఇంటికొచ్చాక పాలు పడ్డాయి. ఐదో నెలలో పోయినా పాలు వస్తాయని నాకెవరూ చెప్పలేదు. రొమ్ములు రాళ్లలా గట్టిపడి, చెయ్యి ఎత్తితే ప్రాణం పోయేది. మల్లెపూలు కట్టుకోమంది అమ్మ. అక్టోబరులో డాలస్‌లో మల్లెపూలెక్కడివి? పక్కింటి విజయవాడ అక్క క్యాబేజీ ఆకులు ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చి, బిగుతుగా గుడ్డ కట్టింది. కట్టు మార్చిన ప్రతిసారీ ఏడ్చేదాన్ని, ఆవిడా ఏడ్చేది. అమ్మ వద్దామన్నా, అప్పట్లో విజిటర్ వీసా ఇంటర్వ్యూ తేదీలు ఏడాది దాటితే గానీ దొరికేవి కావు. మెట్లెక్కితే ఆయాసం. సంక్రాంతి వెళ్లాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. మళ్లీ ఒంట్లో బలం వచ్చి, అలుపు లేకుండా పార్కు చుట్టూ నడవగలిగేసరికి వేసవి వచ్చేసింది.

మా తెలుగువాళ్లలో ఒకాయన, చాలా మంచి మనిషి, నాతో అన్నాడు: "తొమ్మిది మంది జడ్జీలు తేల్చే బదులు మూడు కోట్ల మంది ఉన్న రాష్ట్రం తేల్చుకోవడమే న్యాయం కదమ్మా." కొట్టిపారేసే మాట కాదిది. 2022 ఆగస్టులో కాన్సస్ జనం ఓటు వేసి గర్భస్రావ హక్కును నిలబెట్టుకున్నారు, నవంబరులో మిషిగన్ జనం దాన్ని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కానీ టెక్సాస్‌లో జనం సంతకాలు సేకరించి ఒక ప్రశ్నను ఓటుకు పెట్టే దారే లేదు. మాలాగా వీసా మీద ఉన్నవాళ్లకైతే అసలు ఓటే లేదు. అన్నిటికంటే, నా ఒంట్లో ఉన్న ఇన్ఫెక్షన్‌కు రాష్ట్రాల సరిహద్దులు తెలియవు. విచిటాలో డాక్టరు చదివిన పుస్తకాలే మా డాక్టరమ్మా చదివింది. పన్నులు, బడులు, రోడ్లు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకోనీ. రక్తంలోకి విషం ఎక్కేదాకా ఆగాలా వద్దా అన్నది మాత్రం ఊరు మారితే మారకూడదు. దేశమంతటికీ ఒకే రక్షణ ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2023 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన టెక్సాస్ చట్టంలో, నెలలు నిండకుండా ఉమ్మనీరు పోయిన కేసును పేరు పెట్టి మరీ చేర్చారు. డాక్టరు మీద కేసు పడితే కోర్టులో అది రక్షణగా చెప్పుకోవచ్చు. 2025లో మినహాయింపును ఇంకాస్త స్పష్టం చేశారు. రాష్ట్రాలు తమ తప్పు తామే దిద్దుకుంటాయి చూశావా అన్నారు కొందరు. దిద్దినందుకు సంతోషమే. దిద్దేలోపు నాలాంటి ఆడవాళ్లు ఐసీయూల్లో పడుకున్నారు. టెక్సాస్‌లోనే ఉండే అమాండా జురావ్‌స్కీ కూడా 18వ వారంలోనే, ఇదే సమస్యతో సెప్సిస్ దాకా, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికొచ్చేదాకా వెళ్లింది. ఆమె, మరికొందరు వేసిన దావాలో టెక్సాస్ సుప్రీంకోర్టు 2024 మే 31న వాళ్లకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది.

ఇప్పుడు నా రిపోర్టులన్నీ బాగున్నాయి, మళ్లీ ప్రయత్నించొచ్చంటున్నారు. మా ఆయన గర్భస్రావానికి అనుమతి ఉన్న రాష్ట్రాల్లో ఉద్యోగం వెతుకుతున్నాడు. డెన్వర్‌లో ఒకటి, చికాగోలో ఒకటి ఇంటర్వ్యూ దాకా వచ్చాయి. జీతం రెండింట్లోనూ ఇప్పటికంటే తక్కువే. వీసా బదిలీకి ఒప్పుకునే కంపెనీ దొరికితే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతాం.