క్రియ లేని వాక్యం

మా తెలుగు మాస్టారు వారమంతా వ్యాకరణం, ఆదివారం సాయంత్రం హాస్టల్లో బైబిలు చెప్పేవారు. రెండింటికీ పద్ధతి ఒకటే: "క్రియల కింద గీత గీయండి."

దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథకూ అలాగే గీశాం. జాలిపడ్డాడు, దగ్గరికి వెళ్లాడు, నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పరామర్శించాడు. మర్నాడు రెండు దేనారాలు తీసి ఇచ్చాడు. అంటే రెండు రోజుల కూలి. "ఇంతకీ దెబ్బలు తిన్నవాడితో ఏమన్నాడు?" అని మాస్టారు అడిగితే అందరం పేజీలో వెతికాం. ఒక్క మాట లేదు. సమరయుడు నోరు విప్పింది ఒక్కసారే, అదీ పూటకూళ్లవాడితో, ఖర్చు సంగతి చెప్పడానికి.

ఆ ఏడాది కంఠత వాక్యాల పోటీలో, క్రియలు లేని విశ్వాసం మృతమని చెప్పే బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం, 26 వచనాలూ తడబడకుండా అప్పజెప్పి మొదటి బహుమతి కొట్టాను. ఆ రాత్రే పక్క మంచం కుర్రాడు జ్వరంతో వాంతి చేసుకున్నాడు. ఉన్న ఒక్క దుప్పటీ పాడైంది. "నీ కోసం ప్రార్థన చేస్తాను, పడుకో" అన్నాను. చేశాను కూడా, అబద్ధమెందుకు. తర్వాత నా దుప్పటి చెవులదాకా లాక్కున్నాను.

నీళ్ల చప్పుడుకు మెలకువ వచ్చింది. మాస్టారు చొక్కా చేతులు మడిచి బకెట్లో ఆ దుప్పటి ఉతుకుతున్నారు. కుర్రాడి మీద ఆయన శాలువా ఉంది. "ఆ కొస పట్టుకో" అన్నారంతే. చెరోవైపు మెలిపెట్టి పిండాం. చల్లటి నీళ్లు మోచేతుల మీదుగా కారుతుంటే పొద్దున గడగడా చెప్పిన పదహారో వచనం గుర్తొచ్చింది: "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి." ఒంటికి కావలసింది ఇవ్వకుండా ఈ మాటలంటే ఏమి ప్రయోజనమని అడుగుతాడు యాకోబు.

తర్వాతి ఆదివారం మాలో ఒక గడుగ్గాయి లేచి, "క్రియ లేకుండా కూడా వాక్యం ఉంటుంది కదండీ, 'ఆయన మా మాస్టారు' లాగా" అన్నాడు. "వ్యాకరణంలో ఉంటుందిరా. యాకోబు దగ్గర కుదరదు" అన్నారు.

ప్రొటెస్టెంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ 1522లో తన కొత్త నిబంధన అనువాదానికి రాసిన ముందుమాటలో ఈ పత్రికను గడ్డితో పోల్చాడని పెద్దయ్యాక చదివాను. క్రియలవల్ల కాదు, విశ్వాసంవల్లే రక్షణ అన్న అపొస్తలుడు పౌలు బోధకు ఇది అడ్డొస్తుందని ఆయన బెంగ. ఆ వాదం తేల్చడం నావల్ల కాదు. మాస్టారు మాత్రం దుప్పటి ఉతికి మోక్షం సంపాదించుకుంటున్నట్టు కనిపించలేదు. తెల్లారితే కుర్రాడు కప్పుకోవాలి, అంతే.

ఆ కుర్రాడు ఇప్పటికీ ఫోను చేస్తాడు. నా ప్రార్థన వాడికి గుర్తులేదు. శాలువా మర్నాడు మధ్యాహ్నం దాకా తన దగ్గరే ఉందని చెబుతాడు.