తప్పు నా కోడ్‌ది కాదు

మూడు వారాలు ఒకటే టెన్షన్. ధ్రువం మీద అయనోస్ఫియర్‌లో (వాతావరణపు పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొర) ప్లాస్మా, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిన వాయువు, ఎంత వేగంగా కదులుతోందో ఒకే చోట, ఒకే సమయానికి రెండు రకాలుగా చూస్తున్నా. సుమారు 850 కిలోమీటర్ల ఎత్తున తిరిగే డీఎంఎస్‌పీ అనే అమెరికా వాతావరణ ఉపగ్రహం 600 మీటర్లు అంటుంది, సెకనుకి. అయనోస్ఫియర్‌ని గమనించే సూపర్‌డార్న్ అనే నేల మీది రాడార్ 480 అంటుంది. ఒక్కసారైతే సరే, దాదాపు ప్రతిసారీ రాడార్‌దే తక్కువ!

కోడ్‌లో మైనస్ గుర్తులు వెతికాను, కోణాలు మళ్లీ లెక్కేశాను. కెనడాలోని సాస్కటూన్ చలిలో రాత్రి రెండింటికి టీ పెట్టుకుని గ్రాఫ్‌ని తిట్టుకున్నాను కూడా.

తీరా చూస్తే సంగతి వక్రీభవన గుణకంలో ఉంది, అంటే తరంగం వేగం శూన్యంతో పోలిస్తే ఒక పదార్థంలో ఎంత మారుతుందో చెప్పే అంకె. ఇంటర్ చదువులో బట్టీ పట్టిందే! రాడార్ తరంగం శూన్యంలో వెళ్తున్నట్టే లెక్క కడతాం. ప్లాస్మాలో ఆ గుణకం 1 కన్నా తక్కువ, అందుకే రాడార్‌కి ప్లాస్మా వేగం తగ్గి కనిపిస్తుంది. గుణకం 0.8 అనుకుని 480ని దానితో భాగించి చూడండి, సరిగ్గా 600!

కాకపోతే ఆ 0.8 కావాలంటే తరంగం వెనక్కి తిరిగిన చోట ఎలక్ట్రాన్ సాంద్రత తెలియాలి. ఉపగ్రహం ఉన్నదేమో దానికి చాలా పైన. రేపటి నుంచి ఆ తలనొప్పి.