దుబాయ్ తిరుగు ప్రయాణం: ఎండుకొబ్బరి తెచ్చిన తంటా

సెలవు అయిపోయి మొన్ననే దుబాయ్ చేరాను. అందరూ భయపెట్టే కాగితాల దగ్గర నాకు ఏ ఇబ్బందీ రాలేదు. వీసాకు గడువుంది, ఆరు నెలలు దాటి ఎమిరేట్స్ బయట ఉండలేదు, ఇమ్మిగ్రేషన్‌లో ముద్ర కొట్టి పంపేశారు. నాతో మూడు చెరువుల నీళ్లు తాగించింది సామాను.

మాది అమలాపురం దగ్గర పల్లె. కోనసీమ వాళ్ల పెట్టెలో ఏముంటాయో వేరే చెప్పాలా? ఆవకాయ, గోంగూర, నెయ్యి, ఆత్రేయపురం పూతరేకులు. గసగసాలు మాత్రం ఇంట్లోనే తీయించేశాను. మనం కోడికూరలో నూరి వేసుకునే ఆ గింజలు ఎమిరేట్స్‌లో నిషిద్ధం. దొరికితే మాదకద్రవ్యాల కేసు దాకా పోతుంది, వాటి జోలికి పోవద్దు.

టికెట్టు మీద పెట్టెకు 30 కిలోలు, చేతి సంచికి 7. శంషాబాదులో తూస్తే పెట్టె 33 ఉంది. "తీసేయండి, లేదా డబ్బు కట్టండి" అంది కౌంటరులోని అమ్మాయి తల ఎత్తకుండానే. నేల మీదే పెట్టె విప్పాను. ఆవకాయను సంచిలోకి మారుద్దామంటే నూనె ఉందని తనిఖీలో ఆపేస్తారు, నెయ్యీ అంతే. పవర్‌బ్యాంకు ఎలాగూ సంచిలోనే ఉండాలి. ఇక కదిలేవి బట్టలే. లుంగీలు, బనియన్లు అందరి ముందూ తీసి కుక్కితే సంచి బరువెక్కింది. చివరికి ఒంటి మీద చొక్కా పైన ఇంకో రెండు తొడుక్కున్నాను. ఒంటి మీది బట్టలకు తూకం లేదు కదా.

గండం గడిచిందనుకునేసరికి మైకులో నా పేరు పిలిచారు. తనిఖీ గదిలో పెట్టె మళ్లీ విప్పించారు. తువ్వాలు మడతల్లో అమ్మ సర్దిన ఎండుకొబ్బరి చిప్పలు! బాంబు దొరికినట్టు చూశారు. "చదువుకోలేదా?" అని హిందీలో ఒకాయన గదమాయింపు. బీకాం చదివి, దుబాయ్‌లో పెద్ద గిడ్డంగి లెక్కలు చూస్తున్నవాణ్ణి. నా లెక్కల్లో ఆడిటరు ఇంతవరకు తప్పు పట్టలేదు. కారణం అడిగితే "రూలు" అన్నాడు. కారణం ఉంది, ఆయనకే తెలియదు. నూనె ఎక్కువగా ఉండే ఎండుకొబ్బరి తనంతట తానే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని విమానయాన నిబంధనల్లో దాన్ని 4.2 తరగతి ప్రమాదకర సరుకుల్లో చేర్చారు. మన దేశంలోనూ దాన్ని నిషిద్ధ వస్తువుల జాబితాలో పెట్టారు. ఈ రెండు ముక్కలు తెలుగులో చెబితే ఎవరి సొమ్ము పోతుంది? సీటుకింత, భోజనానికింత అని సందేశాల మీద సందేశాలు పంపే విమాన సంస్థ, కొబ్బరి గురించి ఒక్క వాక్యం రాయలేదా?

అసలు గల్ఫ్ విమానం ఎక్కేవాళ్లంటేనే చులకన. అమెరికా వెళ్లే కుర్రాడి పెట్టె విప్పేటప్పుడు "సర్, సర్" అనడం నా చెవులారా విన్నాను. ఊళ్లో మేడలు లేచింది మా డబ్బుతో కూడా అని వీళ్లకు ఎవరు చెప్పాలి?

కొబ్బరి అక్కడే వదిలేశాను. దుబాయ్‌లో దిగాక గేటు దాటడానికి నిమిషం పట్టలేదు. పూతరేకులు పొడి అయ్యాయి గానీ ఆవకాయ నూనె చుక్క కారలేదు. మూత చుట్టూ టేపు వేసి, మూడు కవర్లు తొడిగి, సీసాను నిలువుగా సర్దాలి. నా పద్ధతి ఇది, ఎవరైనా వాడుకోవచ్చు. ఎండుకొబ్బరి కావాలంటే దుబాయ్‌లోనే కరామా పేటలోని కేరళ కొట్లలో దొరుకుతుంది, మోసుకు రానక్కర్లేదు.

సంస్థకు ఫిర్యాదు పంపాను, ఇంగ్లిషులో ఒకటి, తెలుగులో ఒకటి. తెలుగుదానికే జవాబివ్వాలని అందులో రాశాను.